అమ్మ ఎండల్లో ఒక్కతే కూర్చుని నవల రాస్తోంది, రమ్మంటే రావడం లేదు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నేను విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నాను. నాన్నగారు పోయి రెండేళ్లు కావస్తోంది. అమ్మకు అరవై ఒకటి, టీచరుగా చేసి రిటైరైంది. ఎండాకాలం మా ఇంట్లో ఏసీలో ఉండమంటే ‘నవల పూర్తవ్వాలి, వానలు పడ్డాక వస్తాను’ అంటుంది. తెల్లారకముందే లేచి రాస్తుంది. ఆ తర్వాత ఒక్క మనిషికి రెండు మూడు రకాలు వండుకుంటుంది. సాయంత్రం వీధి అరుగు మీద కూర్చుని తెలుగువీ, ఒడియావీ పద్యాలు పైకి చదువుతుంది. ‘వదిన తనలో తనే మాట్లాడుకుంటోంది, ఒంటరితనం బుర్రకెక్కింది’ అని మేనత్త ఫోన్ చేసి చెప్పింది. పొద్దున్న నేను చేస్తే అమ్మ ఫోన్ ఎత్తదు. ఆ నవలైనా మా ఊరి యాసలో, మధ్యలో ఒడియా మాటలతో ఉంది, ఎవరు చదువుతారు? ఇల్లు అమ్మేసి అమ్మను తెచ్చేసుకోవాలని నాకూ, నా భార్యకూ ఉంది. ఎలా ఒప్పించాలి?

జవాబు: ఒప్పించే సంగతి తర్వాత చూద్దాం. ముందు అమ్మకు జబ్బేమైనా ఉందా అన్నది తేల్చుకోవాలి. మీ టెన్షన్‌కు అసలు కారణం అదే.

డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకూ తెల్లవారుజామునే మెలకువ వస్తుంది. అందుకే ఎన్నింటికి లేస్తోంది అన్నది పెద్ద విషయం కాదు, లేచి ఏం చేస్తోంది అన్నది చూడాలి. డిప్రెషన్ మనిషి లేచి పైకప్పు చూస్తూ పడుకుంటుంది, మంచం దిగడమే బరువవుతుంది. మీ అమ్మ లేచి కాగితాల ముందు కూర్చుంటోంది. మే నెలలో మీ వైపు రాసుకోవడానికి మిగిలేది ఆ వేళ ఒక్కటే. తొమ్మిది దాటాక ఆ ఉక్కలో పెన్ను పట్టుకుంటే చెమటకు చెయ్యి కాగితానికి అతుక్కుంటుంది. నవల రాసేవాళ్లకు అది ఆఫీసు టైము. మీరు మీటింగులో ఉండగా ఆవిడ ఫోన్ చేస్తే మీరు ఎత్తుతారా?

వంట గురించి మీరు రాసిన వాక్యం చదివి నాకు ధైర్యం వచ్చింది. మనసు కుంగినవాళ్లు ముందుగా మానేసేది తన ఒక్కరి కోసం వండుకోవడం. మజ్జిగలో ఇంత అన్నం కలుపుకుని, అదీ సగం వదిలేస్తారు. ఈవిడ అలా లేదు. ఏం వండుతుందో మీరు రాయలేదు గానీ, మీ వైపు ఈ కాలంలో పనసపొట్టు ఆవ పెట్టిన కూర, చోడి (రాగి) అంబలి, రాత్రి గంజిలో నానిన చల్దన్నం (అక్కడ సగం ఇళ్లు దాన్ని పఖాళ అనే అంటాయి), నంజుకోవడానికి వేయించిన వడియాలు ఉంటాయి కదా. ఆవ ముద్ద పొయ్యి దించాకే కలపాలి, లేదంటే చేదెక్కుతుంది. ఆ మాత్రం శ్రద్ధ పెట్టి వండే మనిషి గురించి కంగారు పడక్కర్లేదు. పైగా మూడు గంటలు నవలలోని పాత్రల మధ్య తిరిగి వచ్చిన బుర్రకు కూరగాయలు తరగడం మంచి విశ్రాంతి. చేతులు తమ పని తాము చేసుకుపోతుంటే, పొద్దున్న ఆగిపోయిన సన్నివేశం లోపల మెల్లగా కదులుతుంది. ఎందరో రచయితలు వంటింట్లో ఉండగానే చిక్కుముడి విప్పుకుంటారు.

ఇక పద్యాలు. కవిత్వం పైకి చదువుకోవడానికే పుట్టింది. అయినా అరుగు మీద మగవాడు భాగవతం చదివితే భక్తి అంటాం, ఆడమనిషి పద్యం చదివితే తనలో తనే మాట్లాడుకుంటోంది అంటాం. నవల మధ్యలో ఉన్నవాళ్లు ఇంకొకరి నవల ముట్టుకోవడానికి జంకుతారు, ఆ ధోరణి తమ వాక్యంలోకి దూరిపోతుందని. కవిత్వంతో ఆ భయం తక్కువ, చెవి మాత్రం పదునెక్కుతుంది. పైగా మీ ఊళ్లో ఒడియా గీతాలు చదవడంలో వింతేముంది? పంతొమ్మిదో శతాబ్దపు గోపాలకృష్ణ పట్నాయక్ అక్కడి కవే, ఆయన పాటలు ఒడిస్సీ సంగీతంలో ఇప్పటికీ పాడుతున్నారు.

ఎవరు చదువుతారు అన్నారు. మీ ఊళ్లోనే గిడుగు రామమూర్తి పంతులుగారు పిల్లలకు పాఠాలు చెప్పారు, సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు, జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పోరాడారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. అక్కడే ఉండిపోయిన తెలుగు ఇళ్ల మాట, వాటిలో కలిసిన ఒడియా మాట ఎలా ఉంటుందో రాయాలంటే మీ అమ్మలాంటివాళ్లే రాయాలి. దాన్ని విజయవాడ తెలుగులోకి మార్చమని మాత్రం సలహా ఇవ్వకండి.

నిజంగా భయపడాల్సింది ఎండకు. వయసు పెరిగేకొద్దీ దాహం సరిగా తెలియదు. రాతలో పడితే అసలే తెలియదు. రాసే బల్ల మీద నీళ్ల సీసా ఉండాలి, అది మధ్యాహ్నానికి ఖాళీ కావాలి. బీపీ మాత్రలు వేసుకుంటుంటే, వాటిలో మూత్రం ఎక్కువ వెళ్లేలా చేసేవి ఉన్నాయేమో డాక్టర్ని అడగండి. ఎండల్లో వాటితో ఒంట్లో నీరు తగ్గిపోతుంది. అలాగని సొంతంగా ఆపకూడదు. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను చల్లబరచదు, వేడిగాలినే కొడుతుంది. ఒళ్లు తడిగుడ్డతో తుడుచుకోవాలి, వంట ఎండెక్కకముందే ముగించాలి. ఏసీ మీద అంత నమ్మకం ఉంటే ఆ ఏసీ ఆవిడ గదిలోనే పెట్టించండి. విశాఖ రమ్మనడం కంటే అదే సులువు.

ఏది కనిపిస్తే ఆలోచించాలో కూడా చెబుతాను. రెండు వారాలకు పైగా రాతా, వంటా, పద్యాలూ అన్నీ మానేసి కూర్చోవడం, తిండి తగ్గడం, బతికి ఏం లాభం అనడం, గ్యాసు కట్టేయడం పదే పదే మరచిపోవడం, తెలిసిన వీధిలో దారి తప్పడం. అప్పుడు ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఫోన్‌కు ఒక టైము కుదుర్చుకోండి, పద్యాలయ్యాక రాత్రి ఏడున్నరకు అనుకోండి. తిన్నావా, మాత్రలు వేసుకున్నావా అని రెండు ముక్కలు అడిగి పెట్టేయకుండా, ఇవాళ ఏం రాశావని అడిగి చూడండి. చెప్పకపోవచ్చు. సగంలో ఉన్నదాన్ని చెప్పడం కొందరికి ఇష్టం ఉండదు, గుచ్చకండి. నవలలో మీ నాన్నగారు ఉన్నారేమో కూడా అడగకండి.

ఆయన పోయాక మీరు కూడా సరిగా ఏడ్చి ఉండరని నా అనుమానం. అమ్మ మీ దగ్గరుంటే ఆ వెలితి కొంత తీరుతుందని ఆశ. అది తప్పేమీ కాదు, ‘నాకు నువ్వు కావాలనిపిస్తోంది’ అని ఆ మాటే చెప్పండి, ఒంటరితనం ఆవిడకు అంటగట్టకుండా. రెండు వారాలకొకసారి పర్లాకిమిడి మీదుగా పోయే గుణుపూర్ రైలెక్కి మీరే వెళ్లండి. మీ భార్య కూడా వస్తే వంటింట్లో ఇద్దరికీ మాటలు కలుస్తాయి.

ఇల్లు అమ్మే మాట మాత్రం ఇప్పుడు ఎత్తకండి. వానలు పడ్డాక వస్తానంది కదా, రానివ్వండి. మీ మేనత్త ఈలోపు మళ్లీ ఫోన్ చేస్తే, సాయంత్రం ఆరింటికి వెళ్లి అదే అరుగు మీద కూర్చుని విని రమ్మనండి.