గీకే టికెట్టు మీది వరుస సంఖ్య దేనికి?

అమెరికాలో ఉన్న మీ బావగారు గీకే లాటరీ టికెట్ల మీది సంఖ్యలు నోటుపుస్తకంలో రాసుకుంటున్నారనీ, ఏ సంఖ్య దగ్గర బహుమతి ఉంటుందో కనిపెడతానంటున్నారనీ రాశారు. ఆ సంఖ్యతో కనిపెట్టలేరు.

నేను 2005 నుంచి నాలుగేళ్లు బెంగళూరు పీణ్యలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేశాను. మావి లాటరీ టికెట్లు కావు, బట్టల దుకాణాల పండగ స్కీములకు గీకే కూపన్లు. బహుమతి పేరు అచ్చువేసి, దానిమీద వార్నిష్, ఆపైన వెండి రంగు పూత వేసేవాళ్లం. మొదటిసారి వేసిన కట్టను మా కుర్రవాడొకడు ట్యూబ్‌లైటు కెదురుగా పట్టుకుని, గీకకుండానే "మిక్సీ" అని చదివేశాడు! ఆ సరుకంతా చెత్తబుట్ట పాలైంది. తర్వాత పేరు కింద నల్లటి మందపాటి పొర వేయడం నేర్చుకున్నాం.

బయట కనిపించే వరుస సంఖ్య మాత్రం మాకు లెక్క కోసమే. ఎన్ని కూపన్లు వెళ్లాయి, ఎన్ని మిగిలాయి, ఏ కట్ట పోయింది, అంతే. ఏ కూపన్‌లో ఏముందో దానికి తెలియదు. పాత ఫోను రీఛార్జి కార్డులు గుర్తున్నాయా? పైన వరుస సంఖ్య, పూత కింద రహస్య సంఖ్య. ఒకటి చూసి రెండోది చెప్పగలిగితే కంపెనీలు దివాలా తీసేవి.

అమెరికా టికెట్టు మీద సాధారణంగా మూడు భాగాలుంటాయి: ఆట సంఖ్య, కట్ట సంఖ్య, ఆ కట్టలో టికెట్టు ఎన్నోది. ఇవి దుకాణదారు లెక్కకు. కట్ట దొంగతనమైతే దాని సంఖ్యనుబట్టి ఆ టికెట్లకు డబ్బు చెల్లించకుండా ఆపేస్తారు. గెలుపు తేల్చేది పూత కింద ఉండే మరో సంకేతం. దాన్ని లాటరీ వారి కంప్యూటర్ సరిచూస్తుంది. కేరళ లాటరీలో మీ టికెట్టు సంఖ్యే డ్రాలో తగలాలి, అందుకే అక్కడ సంఖ్యకు అంత విలువ. గీకే టికెట్టుకు డ్రా ఉండదు, అచ్చయిన రోజే తలరాత రాసేస్తారు.

అయితే అంతా గుడ్డిగా చల్లేస్తారనుకోకండి. పెద్ద బహుమతులు ఎక్కడ పడతాయో ఎవరికీ తెలియకుండా కలుపుతారు. చిన్నవాటిని మాత్రం ప్రతి కట్టకూ కొన్ని తప్పక వచ్చేలా సర్దుతారు. ఒక దుకాణంలో కట్టంతా ఖాళీగా పోతే మరునాడు అక్కడ ఎవరు కొంటారు? అందుకే కట్ట సగం అయ్యేదాకా ఎవరికీ తగలకపోతే మిగిలిన సగం కాస్త మెరుగు. కానీ అది తెలిసేది గల్లా దగ్గర కూర్చున్నవాడికి, మీ బావగారికి కాదు. "నాలుగింట ఒకటి" అని అచ్చువేస్తే నాలుగు కొంటే ఒకటి తగులుతుందనీ కాదు. వేర్వేరు కట్టల్లోంచి నాలుగు కొంటే నాలుగూ వట్టివే అయ్యే అవకాశం నూటికి దాదాపు 32. పైగా టికెట్టు ధరే వెనక్కి వచ్చినా దాన్ని గెలుపు కిందే లెక్కేస్తారు.

ఒకాయన మాత్రం నిజంగా కనిపెట్టారు. టొరంటోలో గణాంక నిపుణుడు మోహన్ శ్రీవాస్తవ, 2003లో. ఆయన చూసింది వరుస సంఖ్యను కాదు, ఆటలో భాగంగా పూత బయటే అచ్చువేసిన అంకెలను. టికెట్టు మొత్తంలో ఒక్కసారే కనిపించే అంకెలు మూడు ఒక వరుసలో పడితే చాలావరకు అది గెలిచే టికెట్టే. గీకని 20 టికెట్లను గెలిచేవీ, వట్టివీ అని వేరుచేసి లాటరీ వారికి పంపితే 19 సరిపోయాయి, ఆ ఆటను ఆపేశారు. రోజుకు దాదాపు 600 డాలర్లు వస్తాయని లెక్కవేసి, ఉద్యోగంలో అంతకన్నా ఎక్కువే వస్తుందని ఊరుకున్నారట. నాకు ఈ కథలో నచ్చేది అదే.

మీ బావగారికి నోటుపుస్తకం కన్నా ఉపయోగపడేది, ఆ రాష్ట్ర లాటరీ వెబ్‌సైట్‌లో ఏ ఆటకు పెద్ద బహుమతులు ఇంకా ఎన్ని మిగిలాయో ఇచ్చే పట్టిక. పెద్దది ఎవరికో వెళ్లిపోయాక కూడా టికెట్లు అమ్మిన సందర్భాలున్నాయి.

మన దగ్గర దుకాణాల కూపన్లకు అలాంటి పట్టిక కనిపించదు. స్కీము ముగిశాక ఫలితాలు చెప్పకుండా దాచడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి, మీరు నిలదీసి అడగవచ్చు. మేము కూపన్లు వేసిచ్చిన ఒక దుకాణం మొదటి బహుమతి మోటారుసైకిల్. దీపావళి వెళ్లిన మూడు నెలల తర్వాత కూడా అది పూలదండతో సహా అద్దాల వెనకే ఉంది, పూలు మాత్రం ఎండిపోయాయి.