ఇంట్లో చేసే సబ్బులో జాజు, మైకా, సింధూరం కలపొచ్చా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది వరంగల్. రెండేళ్లుగా కొబ్బరినూనె, కాస్టిక్ సోడాతో ఇంట్లోనే సబ్బులు చేస్తున్నాను. మొదట్లో రంగు కలిపేదాన్ని కాదు. ఈమధ్య ఒక విడతలో గడపలకు పూసే జాజు, ఇంకో విడతలో ఆన్‌లైన్‌లో తెప్పించిన మెరుపు మైకా కలిపాను. నారింజ రంగు కోసం పూజాసామగ్రి షాపు నుంచి సింధూరం తెచ్చిపెట్టాను, ఇంకా వాడలేదు. మా చెల్లెలి కొడుక్కి మూడేళ్లు. జాజు సబ్బుతో స్నానం చేయించినప్పటి నుంచి వాడి మోచేతి మడతల్లో, మెడ మీద ఎర్రగా అయి దురద పెడుతోంది. ఇవన్నీ మట్టిలోంచి వచ్చిన రంగులే కదా, వీటివల్ల కూడా ప్రమాదం ఉంటుందా? తెలిసినవాళ్లు అమ్మమని కూడా అడుగుతున్నారు. - ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ సింధూరం సంగతి చెప్పి మిగతావాటిలోకి వస్తాను. దాన్ని సబ్బులో కలపకండి. ఆంజనేయస్వామికి పూసే నారింజ సింధూరం సంప్రదాయంగా సీసం ఆక్సైడ్. ఇప్పుడు దొరికే పొట్లాల్లో కొన్ని రంగు అద్దిన సుద్దపొడి, కొన్నింట్లో సీసం ఉంటుంది. కంటితో చూసి ఏది ఏదో చెప్పడం మీవల్ల కాదు, నావల్లా కాదు. దెబ్బతగలని చర్మం గుండా సీసం పెద్దగా లోపలికి పోదన్నది నిజమే. కానీ మూడేళ్ల పిల్లాడు స్నానం చేస్తూ సబ్బు చేతులు నోట్లో పెట్టుకోకుండా ఉంటాడా? రక్తంలో సీసం ఇంతవరకు ఉంటే ఫర్వాలేదని చెప్పే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. పిల్లల తెలివితేటల మీద, ఏకాగ్రత మీద దాని దెబ్బ పడితే తర్వాత సరిచేయడం కష్టం. సౌందర్య సాధనాల్లో రంగు కోసం సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలు వాడటాన్ని మన చట్టం కూడా నిషేధించింది.

ఇంగిలీకం, హరిదళం కూడా ఇలాంటివే. మొదటిదాంట్లో పాదరసం, రెండోదాంట్లో ఆర్సెనిక్. 'పాతకాలపు సహజ రంగులు' అని ఎవరైనా చెప్పినా దగ్గరికి రానివ్వకండి. కొన్ని రకాల పాదరసం చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో పాదరసం ఉన్న ఫెయిర్‌నెస్ క్రీములు రాసుకున్నవాళ్లకు మూత్రపిండాల జబ్బు వచ్చిన కేసులు బయటపడ్డాయి, గుర్తుండే ఉంటుంది.

ఇక జాజు. దాని ఎరుపుకి కారణం ఐరన్ ఆక్సైడ్, అంటే ఇనుప తుప్పులో ఉండేలాంటిదే. ఐరన్ ఆక్సైడ్ చర్మానికి శత్రువేమీ కాదు. చెమటకాయలకు రాసే కాలమైన్ లోషన్ గులాబి రంగులో ఉంటుంది చూడండి, ఆ రంగు దీనివల్లే వస్తుంది. నీళ్లలో కరగదు, చర్మంలోకి ఇంకదు, స్నానం చేసి కడిగేస్తే పోతుంది. చిక్కల్లా మట్టితోనే. భూమిలో ఇనుము ఒంటరిగా ఉండదు, దాని పక్కనే సీసం, ఆర్సెనిక్ కూడా ఉండొచ్చు. ఏ గుట్ట మట్టిలో ఎంత ఉందో ఎవరూ పరీక్షించి గడపలకు అమ్మరు. అందుకే సౌందర్య సాధనాలకు వాడే ఐరన్ ఆక్సైడ్‌ని తవ్వి తీయరు, ఫ్యాక్టరీలో తయారు చేస్తారు. అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి పెట్టిన పరిమితి సీసం 10 పీపీఎం, ఆర్సెనిక్ 3 పీపీఎం, పాదరసం 3 పీపీఎం. పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు. సహజమైనదే మంచిదనే నమ్మకం ఈ ఒక్కచోట తలకిందులవుతుందని నా దగ్గరికి వచ్చేవాళ్లందరికీ చెబుతుంటాను.

ఇంకో పని చేసి చూడండి. చిటికెడు జాజు తడిపి బొటనవేలు, చూపుడువేలు మధ్య నలపండి. మెత్తటి పిండిలా జారకుండా పలుకు పలుకుగా తగిలితే అది ఇసుక. ఆ పలుకే సబ్బులోనూ ఉంటుంది. మీ చేతికి తెలియకపోవచ్చు, మూడేళ్ల పిల్లాడి మెడ మీద మాత్రం గీసుకుంటుంది.

మైకా అంటే మన అభ్రకమే. గూడూరు గనులున్న నెల్లూరు వైపు వాళ్లకు దీన్ని పరిచయం చేయనక్కర్లేదు. సబ్బుల్లో వాడే మెరుపు పొడి అభ్రకం రేకుల మీద టైటానియం డయాక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ పూత వేసి చేసింది. కాస్మెటిక్ గ్రేడ్‌దయితే సబ్బులో ఫర్వాలేదు. కానీ ఆన్‌లైన్‌లో మైకా అని వెతికితే ఎపాక్సీ రెజిన్ బొమ్మలకు, గోడల పెయింటుకు వాడే పొడులు కూడా అదే పేరుతో, అలాంటి డబ్బాల్లోనే వస్తాయి. డబ్బా మీద సీఐ (కలర్ ఇండెక్స్) నంబర్లు, అంటే ఒక్కో రంగుని గుర్తించే నంబర్లు, ఉన్నాయేమో చూడండి. మైకాకి 77019, టైటానియం డయాక్సైడ్‌కి 77891, ఐరన్ ఆక్సైడ్లలో ఎరుపుకి 77491, పసుపుకి 77492, నలుపుకి 77499. నీలం రంగు అల్ట్రామెరైన్‌కి 77007. నంబరు ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ బ్యాచ్‌కి సంబంధించిన అనాలిసిస్ సర్టిఫికెట్, అంటే ల్యాబ్ పరీక్ష ఫలితాల కాగితం, అడగండి. నిజంగా కాస్మెటిక్ రంగులు అమ్మేవాళ్లు పంపిస్తారు. పంపనివాళ్ల దగ్గర కొనకండి. బట్టలకు పెట్టే నీలం, ముగ్గు రంగులు, హోలీ రంగులు అస్సలు వద్దు.

ఆకుపచ్చ గురించి ఒక్క మాట. క్రోమియం ఆక్సైడ్ గ్రీన్ మామూలుగా మంచిదే. ఇంట్లో ఎవరైనా తాపీపని చేస్తూ సిమెంటు పడక చేతులు పగిలి ఉంటే మాత్రం ఆ రంగు సబ్బు వాళ్లకివ్వకండి. సిమెంటులో పడనిది కూడా క్రోమియమే. రకం వేరైనా అంతదాకా తెచ్చుకోవడం దేనికి?

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. ఈ రంగులతో అసలు జాగ్రత్త పడాల్సింది సబ్బు రాసుకునేటప్పుడు కాదు, పొడి కలిపేటప్పుడు. టైటానియం, మైకా పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడదు. ఫ్యాను ఆపి, మాస్కు పెట్టుకుని, పొడిని ముందు చెంచాడు నూనెలో తడిపి ముద్దలా చేసుకుని అప్పుడు కలపండి. కిలో నూనెకు ఒకటి రెండు టీస్పూన్లు చాలు. నురగకే రంగు వస్తోందంటే ఎక్కువ వేసినట్టు.

రంగు కన్నా కాస్టిక్ సోడాకే నేను ఎక్కువ భయపడతాను. ఒకసారి ఒకామె ఆకుపచ్చ రంగు పడలేదని ముంజేతులు చూపించారు. మోచేతికి కాస్త కింద నుంచి ఆవగింజలంత నల్లటి మచ్చలు. మణికట్టు దగ్గరికి వచ్చేసరికి గీత గీసినట్టు ఆగిపోయాయి. అక్కడి నుంచి గ్లౌజు ఉంది. రంగు పడకపోతే సబ్బు తగిలిన చోటల్లా రావాలి కదా! బ్లెండర్ తిప్పేటప్పుడు చిందిన కాస్టిక్ చుక్కలవి. పొడవు చేతుల చొక్కా, కళ్లద్దాలు తప్పనిసరి. నీళ్లలో కాస్టిక్ వేయాలి, కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు. అల్యూమినియం గిన్నె వాడకూడదు. కంట్లో చింది పడితే కనీసం 20 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి, వెంటనే కంటి ఆసుపత్రికి పరుగెత్తాలి. నిమ్మరసం, వెనిగర్ లాంటివి పోయొద్దు.

అమ్మకం విషయానికొస్తే, ఒంటి సబ్బు మన చట్టంలో కాస్మెటిక్. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారుచేసి అమ్మాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం నుంచి లైసెన్సు ఉండాలి. అది చేతికి వచ్చేదాకా డబ్బుకు ఇవ్వకండి.

ఇక పిల్లాడి సంగతి. మోచేతి మడతలు, మెడ అని మీరు రాయగానే నాకు రంగు మీద కన్నా సబ్బు మీదే అనుమానం వచ్చింది. ఆ వయసులో పొడి చర్మం, ఎగ్జిమా ఉన్న పిల్లలకు అక్కడే వస్తుంది. ఇంట్లో చేసిన సబ్బు ఎంత బాగా ఆరినా దాని పీహెచ్, అంటే ఆమ్ల-క్షార గుణం కొలత, 9, 10 దగ్గర ఉంటుంది; 7 దాటితే క్షారం. పిల్లల చర్మానిది ఐదున్నర ప్రాంతంలో. పైగా ఒక్క కొబ్బరినూనెతో చేసిన సబ్బు చర్మంలో ఉన్న జిడ్డంతా లాగేస్తుంది. సువాసన కోసం ఏదైనా నూనె కలిపారా? కలిపితే రంగుకన్నా ముందు దాన్నే అనుమానించాలి. వాడికి ఇంటి సబ్బు, రంగున్నా లేకపోయినా, ఇప్పుడే ఆపేయండి. గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేయించి, ఒళ్లు తడిగా ఉండగానే సువాసన లేని మాయిశ్చరైజర్ రాయండి. వారంలో తగ్గకపోయినా, చీము పట్టినా, రాత్రిళ్లు దురదతో నిద్ర లేకపోయినా చర్మవైద్యులకు చూపించండి. వెళ్లేటప్పుడు ఆ సబ్బు ముక్క, జాజు పొట్లం రెండూ తీసుకెళ్లండి.