హేటైలో కొట్లు తెరుస్తానంటున్న మా అమ్మలుకి

అమ్మలూ,

ఉద్యోగం మానేశావట. డర్హమ్‌లో నల్లజాతివాళ్ల పాత వాడ హేటైలో పుట్టి పెరిగిన ఇద్దరు స్నేహితులతో కలిసి ఫేయెట్‌విల్ స్ట్రీట్‌లో పాత బిల్డింగ్ తీసుకుంటున్నావట. ముందు చిన్న చిన్న కొట్లు, వెనక అందరూ కలిసి వాడుకునే వంటగది, నడిపేవాళ్లంతా ఆ చుట్టుపక్కల వాళ్లేనట. మీ అమ్మ ఫోన్‌లో చెబుతూ ఏడ్చింది. నేను ఏడవలేదు గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సగం గర్వం, సగం టెన్షన్. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. కంపెనీ ఖాతా వేరు, నీ ఖాతా వేరు. పనివాళ్ల జీతాల్లోంచి పట్టుకున్న టాక్స్ డబ్బు ఎంత ఇరుకులో ఉన్నా ముట్టుకోకు. ఇన్సూరెన్స్ లేకుండా తాళం తియ్యకు. ఇక ఆ వాడ పెద్దవాళ్లను ఉత్త పేరు పెట్టి పిలవకు. మిస్టర్ అనో మిస్ అనో ముందు చేర్చి పిలువు. నిన్ను అలా పెంచలేదని మీ అమ్మకు చెడ్డపేరు రాకూడదు.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు రోజూ కంపెనీలన్నీ ఉండే రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్‌కి వెళ్లొచ్చిన 147 రోడ్డు ఉంది చూడు, డర్హమ్ ఫ్రీవే. నేనూ ఏళ్ల తరబడి దాని మీదే వెళ్లాను. మన తెలుగువాళ్లు ఎంతమంది ఆ రోడ్డు మీద ఉద్యోగాలకు వెళ్లి, ఇళ్లు కొనుక్కుని, పిల్లల్ని చదివించుకున్నారో! ఆ రోడ్డు హేటై గుండెల మీదుగా వేశారని నాకు చెప్పింది ఒక ముసలి బార్బర్. ఆయన షాపు లెక్కలు నేను రాసేదాన్ని.

ఆయన చిన్నప్పుడు హేటైలో దొరకనిది లేదట. థియేటర్, హోటల్, మందుల షాపులు, టైలర్లు, బ్యూటీ పార్లర్లు, 1901లో పెట్టిన లింకన్ హాస్పిటల్. ఊళ్లోని పారిష్ స్ట్రీట్‌లో నల్లజాతివాళ్ల సొంత ఇన్సూరెన్స్ కంపెనీ నార్త్ కరోలినా మ్యూచువల్, సొంత బ్యాంకు మెకానిక్స్ అండ్ ఫార్మర్స్ ఉండేవి. ఆ ఇన్సూరెన్స్ కంపెనీని 1898లో మొదలుపెట్టినవాళ్లలో జాన్ మెరిక్ ఒకడు. బానిసగా పుట్టి, బార్బర్‌గా పైకొచ్చి, పొగాకు కోటీశ్వరులు డ్యూక్ కుటుంబానికి క్షవరం చేసినవాడు. పేదవాళ్లు వారం వారం కట్టిన చిల్లర డబ్బుతో నిలిచిన కంపెనీ అది.

1950ల చివర్లో అర్బన్ రెన్యూవల్ అన్నారు. కూలిపోతున్న ఇళ్లు తీసేసి మంచివి కడతాం, కొట్లకు కొత్త షాపింగ్ సెంటర్ ఇస్తాం అన్నారు. 1962లో దానికి బాండ్ల మీద అప్పు తెచ్చుకోవచ్చా అని ఊరంతటికీ ఓటింగ్ పెడితే నల్లజాతి నాయకులు కూడా మద్దతిచ్చారు. వాళ్లను తప్పుపట్టకు. మట్టిరోడ్లలో, సరిగ్గా నీళ్లు రాని అద్దె ఇళ్లలో బతుకుతున్నవాళ్లకు మంచి ఇల్లు ఇస్తామంటే ఎవరు వద్దంటారు? పొరపాటంతా వరసలో ఉంది. కట్టాక కూల్చాల్సింది, ముందే కూల్చేశారు, ఖాళీ అయిన చోట ఆ రోడ్డు వేశారు. నాలుగు వేలకు పైగా కుటుంబాలు, 500 దాకా వ్యాపారాలు అక్కడినుంచి వెళ్లిపోవాల్సి వచ్చింది. కొన్ని కొట్లను రేకుల షెడ్లలో పెట్టారు, దానికి టిన్ సిటీ అనే పేరు పడింది. తాత్కాలికం అన్నది ఏళ్ల తరబడి సాగింది.

మా బార్బర్ వాళ్ల నాన్నకు అక్కడే ఒక షెడ్డు దొరికింది. కుర్చీలు అవే, కత్తెర అదే, చెయ్యి అదే. మనుషులే లేరు. శనివారం పొద్దున వరసలో కూర్చునేవాళ్లంతా ఊరికి తలో మూలకు వెళ్లిపోయారు. "మా నాన్న షాపు రేకుల వల్ల పోలేదమ్మా, ఇరుగుపొరుగు పోవడం వల్ల పోయింది" అనేవాడు. ఎంతో మందికి ఆ కొట్టు స్థలం కూడా సొంతం కాదు. స్థలానికి పరిహారం వచ్చినా అది యజమానికే. కొట్టువాడికి మిగిలేది సామాను.

అందుకే చెబుతున్నా, నీకు విసుగొచ్చినా విను. ఆ బిల్డింగ్‌లో ఇప్పటికే ఉన్న జుట్టు సెలూన్‌నీ, భోజనాల హోటల్‌నీ "రిపేర్లు అయ్యాక రండి" అని ఒక్క నెల కూడా బయటికి పంపకు. ఒక వైపు పని చేయించి, వాళ్లను అందులోకి మార్చి, తర్వాత రెండో వైపు మొదలుపెట్టు. ఖర్చు ఎక్కువవుతుంది. అవనీ. మారే తేదీ, అద్దె రెండూ కాగితం మీద రాసివ్వు. నోటిమాట విని మోసపోయిన వీధి అది.

లీజు ట్రిపుల్ నెట్ అయితే ప్రాపర్టీ టాక్స్, ఇన్సూరెన్స్, రిపేర్లు అన్నీ అద్దెకున్నవాళ్ల మీదే పడతాయి. వీధి బాగుపడేకొద్దీ టాక్స్ పెరుగుతుంది. అంటే వీధిని బాగుచేసినవాళ్లే ఆ బరువు మోయలేక ఖాళీ చేసి పోతారు. పెరుగుదలకు పరిమితి రాయించు. బిల్డింగ్ అమ్మితే ముందు మీకే ఇవ్వాలన్న షరతు పెట్టించు. కొనగలిగితే కొనండి. బ్యాంకువాళ్లు ఎస్‌బీఏ 504 లోన్ గురించి చెబుతారు, చిన్న వ్యాపారాలు బిల్డింగ్ కొనుక్కోవడానికి ఫెడరల్ ప్రభుత్వం సాయంతో వచ్చే అప్పు అది. దానికి పాత బిల్డింగ్‌లో సగానికి పైగా మీ వ్యాపారమే వాడుకోవాలి, అద్దె కొట్లు ఎక్కువైతే కుదరదు. డర్హమ్‌లోనే పుట్టిన సెల్ఫ్ హెల్ప్ క్రెడిట్ యూనియన్‌ని, అంటే సభ్యులే యజమానులైన బ్యాంకులాంటిదాన్ని, కలువు, మెకానిక్స్ అండ్ ఫార్మర్స్ ఇంకా ఉంది, వాళ్లనీ కలువు. చారిత్రక కట్టడంగా అర్హత ఉంటే రిపేరు ఖర్చులో 20 శాతం ఫెడరల్ టాక్స్ క్రెడిట్‌గా, అంటే కట్టాల్సిన టాక్స్‌లో తగ్గింపుగా, ఐదేళ్లలో వస్తుంది. ఒక్క కిటికీ మార్చకముందే అది కనుక్కో. పర్సనల్ గ్యారంటీ మీద మాత్రం, అంటే వ్యాపారం అప్పు తీర్చలేకపోతే నీ సొంత ఆస్తితో తీరుస్తానన్న కాగితం మీద, నాకు చూపించకుండా సంతకం పెట్టకు. ఇల్లు పోగొట్టుకున్నవాళ్లను చూశాను తల్లీ.

నాకు అన్నిటికన్నా భయం మనవాళ్లంటే. నీ సంగతి తెలిసి అప్పుడే మీ బాబాయి స్నేహితుడు ఫోన్ చేశాడు. "అక్కడ కమర్షియల్ స్థలాలు చవగ్గా ఉన్నాయటగా, పదిమందిమి కలిసి ఎల్‌ఎల్‌సీ పెట్టి కొనేద్దాం, అమ్మాయి లోపలే ఉంది కదా" అన్నాడు. చెడ్డవాడు కాదు, రూపాయి ఎక్కడ పెరుగుతుందా అని చూడటం అతనికి అలవాటు. నీ మంచితనాన్ని అడ్డం పెట్టుకుని ఆ వీధిని కొనేస్తారేమో అని నా బాధ. డబ్బు ఇస్తామంటే అప్పుగా తీసుకో, వడ్డీ కట్టు. వాటా ఇవ్వకు. నీ వాటా కూడా నీ స్నేహితుల వాటాల కన్నా తక్కువే ఉండాలి. ఆ కొట్టు వాళ్ల అమ్మమ్మల వీధిలోది. ఈ మాట అన్నందుకు నా మీద కోపం వస్తే రానీ.

మీ ఇంట్లో చిన్నప్పుడు బొమ్మల కొలువుకి వాడలో పిల్లలందర్నీ పిలుచుకొచ్చేదానివి, ఎవరి బొమ్మ వాళ్లనే పెట్టమనేదానివి. అది గుర్తొచ్చే ఈ పని నువ్వు చెయ్యగలవని నమ్ముతున్నాను. వేళకు తిను. మొదటి రెండేళ్లు డబ్బు రాదు, ఇంటి అద్దెకు ఇరుకైతే నన్నడుగు, మీ అమ్మను అడగకు, కంగారుపడుతుంది.

సెయింట్ జోసెఫ్స్ చర్చి కట్టడం, ఇప్పటి హేటై హెరిటేజ్ సెంటర్, కూల్చకుండా మిగిలింది కదా. శనివారం అక్కడికే వస్తాను. లీజు కాగితాలు సంతకం పెట్టకుండా తీసుకురా. నీ స్నేహితులిద్దర్నీ కూడా రమ్మను, పులిహోర తెస్తాను.

నీ పెద్దమ్మ