ఊరి జీవవైవిధ్య రిజిస్టర్‌ను నడిపేది అటవీశాఖేనా?

కాదు. ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు వైపున్న గంజాం, గజపతి జిల్లాల్లోనైనా మరెక్కడైనా ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ బాధ్యత స్థానిక సంస్థ, అంటే పంచాయతీ లేదా మునిసిపాలిటీ, వేసే జీవవైవిధ్య నిర్వహణ కమిటీది. 2002 జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ జీవవైవిధ్యాన్ని నమోదు చేసే పని ఈ కమిటీకే అప్పగిస్తుంది. ఎందుకంటే ఆ రిజిస్టర్‌లో మొక్కలు, జంతువుల పేర్లే కాదు, వాటి గురించి ఊరివాళ్లకు తెలిసినదంతా రాయాలి. అది చెప్పగలిగేది వల వేసేవాళ్లు, పసరు వైద్యులు, మేకల కాపరులు. శాస్త్రీయ నామాలు సరిచూడటానికి అధ్యాపకులు, అధికారులు సాయపడతారు. (మొత్తం వాళ్లతోనే రాయించేసే పంచాయతీలూ లేకపోలేదు.)

గంజాంలో రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులుగా గుడ్లు పెడతాయి. ఎన్ని వచ్చాయో లెక్కించేది అటవీశాఖ. పేపర్లో కనిపించే లక్షల అంకె అదే. ఏ గాలి తిరిగితే తాబేళ్లు ఒడ్డెక్కుతాయో, దాదాపు 45-50 రోజులకు పిల్లలు రాత్రిపూట ఇసుకలోంచి ఎలా పైకొస్తాయో అక్కడి తెలుగు మత్స్యకారులు చెబితే, అది రిజిస్టర్‌లోకి ఎక్కాల్సిన సంగతి. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు.

ఇంకోటి, రిజిస్టర్‌లో పేరున్నంత మాత్రాన ఆ జీవికి చట్టరక్షణ రాదు. ఈ తాబేళ్లకు ఆ రక్షణ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్ వల్ల వచ్చింది.