ఏం కావాలి బాబూ?

చిరంజీవికి, ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. నవల కోసం వారం రోజుల్లో పది గ్రంథాలయాలు చుట్టి రావాలని వేసుకున్న పట్టిక కూడా చూశాను. పొద్దున విజయవాడ, మధ్యాహ్నం గుంటూరు, సాయంత్రం వేటపాలెం! నాయనా, ఇది సాహిత్య యాత్రా, కార్తీక మాసంలో పంచారామాల బస్సు టూరా?

నిన్ను ఆటపట్టిస్తున్నాను గానీ, నీ వయసులో నేను చేసిందీ ఇదే. వేటపాలెం సారస్వత నికేతనానికి మొదటిసారి వెళ్ళింది పుస్తకాల కోసం కాదు, గాంధీగారి చేతికర్ర చూడడానికి. 1918లో పెట్టిన గ్రంథాలయం అది. 1929లో గాంధీ అక్కడికి వచ్చారు. ఆయన కర్రను అపురూపంగా దాచుకున్నారు. కర్ర చూశాను, దండం పెట్టుకున్నాను. అక్కడున్న పెద్దాయన "ఏం కావాలి బాబూ?" అన్నారు. ఏం కావాలో నాకు తెలిస్తే కదా. "ఊరికే చూద్దామనండీ" అన్నాను. ఆయన తల ఊపి తన పనిలో పడ్డారు. ఆ ప్రశ్న మాత్రం నాతో రైలెక్కింది.

మళ్ళీ వెళ్ళడానికి ఏడేళ్ళు పట్టింది. ఈసారి కావాల్సిందేమిటో తెలుసు. అప్పుడు రాస్తున్న కథలో చీరాల నేతగాడొకడు 1930ల్లో బియ్యం కొంటాడు. ఎంతకు కొంటాడు? పాత పత్రికల సంపుటాలు అడిగి తీసుకుని కూర్చున్నాను. ధర మొదటిరోజే దొరికింది. అయినా మూడు రోజులు అక్కడినుంచి కదల్లేదు. ఊళ్ళ నుంచి వచ్చిన వార్తలు, పాఠకుల ఉత్తరాలు చదువుతుంటే ఆనాటివాళ్ళు పోట్లాడుకునే తీరు చెవిన పడసాగింది. ఎంత మండిపడుతున్నా మర్యాద తప్పరు. మర్యాదగానే చురక వేస్తారు. అంతవరకూ నా నేతగాడు మా వీధి చివర టీకొట్టు దగ్గరి మనిషిలా మాట్లాడేవాడు. ఇంటికొచ్చి అతని మాటలన్నీ కొట్టేసి మళ్ళీ రాశాను.

ప్రకటనలు కూడా చదువు. ఆంధ్రపత్రికలో అమృతాంజనం కనబడితే నవ్వుకుని పేజీ తిప్పేయకు. రెండూ కాశీనాథుని నాగేశ్వరరావు గారివే. తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బు మన పత్రికకూ పుస్తకాలకూ అండగా నిలిచింది. రచయితల తలనొప్పికి మాత్రం ఆయన దగ్గరా మందు లేదనుకో.

హైదరాబాదులో సుల్తాన్ బజార్ వెళ్తున్నావు కదా, లోపలికి దూసుకుపోకుండా ముందు బోర్డు చదువు. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1901. మూడేళ్ళకు హనుమకొండలో పెట్టింది రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం. గ్రంథాలయం అనలేదు చూడు, భాషా నిలయం అన్నారు. ఉర్దూలో పాలన సాగే నిజాం రాజ్యంలో తెలుగుకు తలదాచుకోను ఇల్లు కట్టారన్నమాట. ఆ పేర్లు పెట్టినవాళ్ళ మనసు పట్టుకోగలిగితే నీ నవలకు అదే పెట్టుబడి.

తంజావూరుకు ఒక్కరోజే వేశావు. నాలుగైనా ఉంచు. సరస్వతీ మహల్ నాయక రాజుల కాలంలో మొదలై, మరాఠా రాజు రెండో శరభోజి చేతుల్లో పెరిగింది. ఆయన ఏలింది 1798 నుంచి 1832 దాకా. తమిళ దేశం, మరాఠీ రాజు, లోపల వందల కొద్దీ తెలుగు తాటాకు ప్రతులు! రంగాజమ్మ విజయరాఘవ నాయకుడి కొలువులో యక్షగానం రాసింది ఆ ఊళ్ళోనే. అద్దాల పెట్టెల్లో ఉన్నవి ఎవరైనా చూడొచ్చు. తాటాకు ప్రతిని చేతికి ఇవ్వాలంటే ముందే ఉత్తరం రాసి అనుమతి అడుగు.

తీరా చేతికొచ్చాక చదవలేవు, అది కూడా ఇప్పుడే చెప్తున్నా. గంటంతో గీసి మసి రుద్దితేనే తాటాకు మీద అక్షరం తేలుతుంది. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. పద్యం కూడా పాదాలు విరగకుండా వచనంలా పారుతుంది. అప్పటికే నాలుగు పుస్తకాలు అచ్చేసిన నేను ఒక పూటంతా కూర్చుని రెండు పంక్తులు కూడబలుక్కున్నాను. పక్కన ఓ తమిళ పండితుడు నా అవస్థ చూసి కాఫీ తాగొద్దాం రమ్మన్నారు.

తాటాకు ప్రతులు రాసినవాళ్ళు చివర్లో రాసే పాత శ్లోకం ఒకటుంది. నూనె నుంచి, నీళ్ళ నుంచి, వదులు కట్టు నుంచి నన్ను కాపాడు, మూర్ఖుడి చేతికివ్వకు అని పుస్తకమే మొర పెట్టుకుంటుంది. సెల్‌ఫోన్లు ఇంకా రాలేదు గనక శ్లోకం అక్కడితో ఆగింది. అడక్కుండా ఫోటోలు తీయకు.

పెన్ను కాదు, పెన్సిల్ తీసుకెళ్ళు. రాసుకున్న ప్రతి ముక్క పక్కన పత్రిక పేరు, తేదీ, పేజీ వేసుకో. ఇంటికొచ్చాక గుర్తుంటుందిలే అనుకోకు, ఉండదు. మన జిల్లా గ్రంథాలయాలకు సెలవు శుక్రవారం. ఆ సంగతి తెలియక ఒక ఊళ్ళో తాళం చూసి తిరిగొచ్చాను. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొంటే లోపలి అట్ట తిప్పి చూడు. "నూతన దంపతులకు" అని సంతకం చేసి ఇచ్చిన పుస్తకాలు ఎన్నో కనబడతాయి. ఆ దంపతుల కథ నువ్వే అల్లుకోవచ్చు.

పదింట్లో ఏడు కొట్టేయి. వేటపాలెం మాత్రం ఉంచు, నాదొక పనుంది. నా నేతగాడు ఆ కథలోనే చీరాల నుంచి మద్రాసుకు మూడో తరగతిలో వెళ్తాడు. టికెట్టు ఎంతో అప్పుడు వెతకలేదు. "టికెట్టు కొనుక్కుని" అని దాటేశాను. కథ అచ్చయి ఇరవై ఏళ్ళయింది, ఆ వాక్యం దగ్గరికొస్తే ఇప్పటికీ ముల్లు గుచ్చుకున్నట్టే ఉంటుంది. ఏం కావాలని వాళ్ళు అడిగితే 1930ల పత్రికలు కావాలని చెప్పు. రైలు చార్జీ ఎక్కడైనా కంటబడితే ఓ కార్డు ముక్క రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు