ఖాతాలోంచి మళ్లీ మళ్లీ పోయే డబ్బును ఏఐ ఏజెంట్ పట్టగలదా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా అల్లూరు మండలం. వెనామీ రొయ్యలు వేస్తాం. రెండు బ్యాంకుల్లో ఖాతాలున్నాయి. రొయ్యలు పట్టి అమ్మాక పట్టుబడి డబ్బు వచ్చినప్పుడు బాగానే కనబడుతుంది, తీరా ఈఎంఐ రోజుకు చాలక ఇప్పటికి రెండుసార్లు బౌన్స్ అయింది. మళ్లీ మళ్లీ జరిగే లావాదేవీలను వెతికే టూల్‌ను, మన తరఫున పనులు చేసిపెట్టే ఏఐ ఏజెంట్‌కు తగిలిస్తానని మా అబ్బాయి అంటున్నాడు. బ్యాంకు వివరాలు ఇవ్వొచ్చా? అది చెప్పిన లెక్కను నమ్మొచ్చా?

జవాబు: వాడుకోండి, కానీ చదివే పని వరకే. నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్, ఓటీపీ, యూపీఐ పిన్ ఏ ఏజెంట్‌కూ ఇవ్వొద్దు. అకౌంట్ అగ్రిగేటర్ (బ్యాంకు వివరాలను ఇంకో సంస్థకు చేరవేసే మధ్యవర్తి) ద్వారా మీ అనుమతితో ఖాతా వివరాలు తీసుకోవాలంటే, ఆ తీసుకునే సంస్థ ఆర్‌బీఐ, సెబీ లాంటి నియంత్రణ సంస్థ కింద నమోదై ఉండాలి. ఇంట్లో తయారుచేసుకున్న ఏజెంట్‌కు ఆ దారి లేదు. కాబట్టి రెండు బ్యాంకుల స్టేట్‌మెంట్లు ఎక్సెల్‌లో దించుకోండి. ఖాతా నంబరు, కస్టమర్ ఐడీ, ఫోన్ నంబరు తీసేశాకే ఫైలు ఇవ్వండి. కనీసం 14 నెలల స్టేట్‌మెంట్ కావాలి. అందులోనూ ఏడాదికోసారి పోయేవి ఒకటి రెండుసార్లే కనబడతాయి, టూల్ వాటిని వదిలేయొచ్చు. వాటిని మీరే చూసి చేర్చుకోండి.

ఈ టూల్ చూసేది మూడే: ఎవరికి పోయింది, ఎన్ని రోజుల ఎడంతో పోయింది, ఎంత పోయింది. అమెరికా బ్యాంకులకు ప్లెయిడ్ సంస్థ ఇచ్చే ఇలాంటి సదుపాయం కూడా కనీసం మూడు లావాదేవీలు ఒక పద్ధతిలో కనబడితేనే స్థిరమైన వరుసగా లెక్కలోకి తీసుకుంటుంది. ఈఎంఐ, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టేది), ఓటీటీ చందా సులువుగా దొరుకుతాయి. చీటీ దొరకదు. పాటను బట్టి ఒక నెల 7,600, ఇంకో నెల 9,700 కట్టాల్సి వస్తే టూల్‌కు అవి వేర్వేరు ఖర్చులు. పైగా యూపీఐలో చీటీ నడిపే మనిషి సొంత పేరే పడుతుంది. మొత్తంలో తేడా ఎంత వరకు ఫర్వాలేదో మీ అబ్బాయి 30 శాతం దాకా పెంచి చూడాలి. నగదుగా ఇచ్చే వడ్డీలు, కౌళ్లు స్టేట్‌మెంట్‌లోనే ఉండవు, వాటిని చేత్తో చేర్చాలి. మీ ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పంపుకున్నవి ఖర్చు కింద పడకుండా తీసేయాలి.

ఏజెంట్‌ను కూడికలు నోటితో చెప్పమనొద్దు. టూల్ ఇచ్చిన ప్రతి వరుసకూ తేదీ, మొత్తం, బ్యాంకు రాసిన వివరణ యథాతథంగా పట్టికలో పెట్టమనండి. మొత్తం ఎక్సెల్‌లో మీరే కూడండి. ఏజెంట్ వెనక పనిచేసే భాషా మోడళ్లు అంకెలను ధీమాగా తప్పు చెప్పేస్తాయి.

అసలు చిక్కు ఆదాయం వైపు ఉంది. టూల్ జీతం లాంటి రాబడి కోసం వెతుకుతుంది. మీకు డబ్బు వచ్చేది పట్టుబడికి, అదీ కౌంటునూ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయో) ధరనూ బట్టి. పట్టుబడి నెలను సగటులో కలిపేసి "నెలకు ఇంత మిగులుతుంది" అని ఏజెంట్ చెబితే దాన్ని పక్కన పెట్టండి. ఖర్చుల పట్టిక ఒక్కటే తీసుకుని ఇలా వేయండి. ఉదాహరణకు ఈఎంఐ 11,200, సిప్ 3,000, ఫోన్లు, ఓటీటీ 748. మూడు నెలలకోసారి కట్టే బీమా 7,860 అయితే నెలకు 2,620. ఏడాదికోసారి పోయే 456కు నెలకు 38. చీటీకి పూర్తి 10,000. కలిపితే నెలకు 27,606. సీడ్ (రొయ్య పిల్లలు) వేసినప్పటి నుంచి డబ్బు చేతికొచ్చే దాకా నాలుగు నెలలనుకున్నా, చెరువు ఎండగట్టడానికి, తెగులొస్తే ముందే పట్టేయాల్సి రావడానికి ఇంకో రెండు నెలలు కలపాలి. ఆరు నెలలకు 1,65,636. ఈ పట్టుబడి డబ్బు రాగానే, మేత బాకీ కంటే ముందు ఇది తీసి పెట్టండి. రెండు నెలలది ఈఎంఐ పోయే ఖాతాలో, మిగతాది తక్కువ కాలపు ఫిక్స్‌డ్ డిపాజిట్లలో.

ఈఎంఐ తేదీ ఆదివారం కదా, సోమవారం పోతుందిలే అనుకోకండి. ఖాతాలోంచి ఈఎంఐలు వాటంతటవే కోసుకునే బ్యాంకుల వ్యవస్థ నాచ్, 2021 ఆగస్టు 1 నుంచి సెలవు రోజుల్లోనూ నడుస్తోంది. కార్డు, యూపీఐ ఆటోపేలకు 24 గంటల ముందు సందేశం రావాలనే నిబంధన ఉంది. నాచ్ ఈఎంఐకి ఆ ధీమా పెట్టుకోకుండా, ఆ తేదీకి మూడు రోజుల ముందు ఏజెంట్ చేత గుర్తు చేయించుకోండి.

అక్కర్లేని చందా కనబడితే యాప్ తీసేస్తే ఆగదు. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగంలోకి వెళ్లి ఆ మాండేట్‌నే (డబ్బు తీసుకోవడానికి మీరిచ్చిన అనుమతిని) రద్దు చేయాలి. ఈ రద్దు పని ఏజెంట్‌కు అప్పగించొద్దు, పేరు ఒకటే అని బీమా ప్రీమియం ఆపేసే ప్రమాదముంది.

రెండు ఖాతాల పట్టికలనూ పక్కపక్కన పెట్టి మే, జూన్ నెలలు చూడండి. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం 436 రూపాయలు రెండింటిలోనూ పోతుంటే, రక్షణ మాత్రం రెండు లక్షలకే పరిమితం, రెండో ప్రీమియం వెనక్కి రాదు. ఒక ఖాతా చాలు. మే మొదటి వారంలోనే రెండో బ్యాంకు బ్రాంచికి ఆటో డెబిట్ ఆపమని రాసిచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి.