అరెకా పామ్‌పై పసుపు చుక్కలు: ఎర్రనల్లి పని

మిర్యాలగూడలో మీ హాలులోని అరెకా పామ్ ఆకులపై పసుపు చుక్కలు, అడుగున సాలెగూడు లాంటి సన్నని బూజు, మాడిన కొనలు ఉన్నాయన్నారు. చుక్కలు, బూజు ఎర్రనల్లి అనే, ఆకు రసం పీల్చే అతిచిన్న జీవి లక్షణాలండి. ఆకు కింద తెల్ల కాగితం పట్టి తట్టండి. రాలిన నలుసులు కదిలితే ఇక అనుమానం అక్కర్లేదు. మన వేసవి పొడిగాలికి అది విపరీతంగా పెరుగుతుంది.

ముందు కుండీని మిగతా మొక్కలకు దూరంగా పెట్టి, ఆకుల అడుగుభాగాన్ని నీటి ధారతో బాగా కడగండి. సగం పని ఇక్కడే అవుతుంది. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా ద్రవ సబ్బు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. గుడ్లు మిగిలిపోతాయి కాబట్టి వారానికోసారి చొప్పున మూడుసార్లు తప్పదు. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు మాత్రం దయచేసి కొనకండి, నల్లిపై అది పనిచేయదు.

కొనలు మాడటం వేరే సంగతి. మీరు బోరు నీరు పోస్తుంటే అందులోని ఫ్లోరైడ్‌ను అనుమానించండి. ఈ మొక్క దాన్ని తట్టుకోలేదు. వాననీరు పట్టి పోయండి.